విరగని చెయ్యి

ఓబులేసు మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్‌లో ఆరేళ్లపాటు ఛాంపియన్. గుద్దులూ తన్నులూ కుస్తీపట్లూ అన్నీ చెల్లే ఆ పోటీల్లో పద్దెనిమిదిసార్లు గెలిచాడు. పందొమ్మిదోసారి ప్రత్యర్థి అతని కుడిచేతిని దొరకబుచ్చుకుని మోచేతి దగ్గర వెనక్కి విరవబోయాడు. ఎముక పటుక్కుమనేలోపు ఓబులేసు ఎడమచేత్తో నేలమీద మూడుసార్లు తట్టాడు. అలా తట్టడమంటే ఓటమి ఒప్పుకోవడం. ఆ పోటీతోనే ఆట మానుకున్నాడు.

సొంతూరు ప్రొద్దుటూరుకు తిరిగొచ్చాక పద్దెనిమిది గెలుపుల సంగతి ఎవరూ ఎత్తలేదు. అతను కనబడితే టీ అంగడి దగ్గర జనం బల్లమీద మూడుసార్లు తట్టి నవ్వుకునేవాళ్లు. ఓబులేసు ఇల్లు కదలడం మానేశాడు.

రెండు నెలలు గడిచాక, చిన్నప్పుడు తనకు కుస్తీ నేర్పిన హుస్సేన్ పీరా దగ్గరికి, ఆయన కుస్తీ నేర్పే తాలింఖానాకు వెళ్లాడు. పీరాకు డెబ్బై దాటాయి. ఇప్పటికీ పొద్దున్నే పాతికమందిని మట్టిలోకి దించి పట్లు నేర్పుతున్నాడు.

ఓబులేసు ఆయన ముందు కూర్చుని జరిగిందంతా చెప్పాడు. చెప్పి తల వంచుకున్నాడు.

"ఆ పొద్దు చెయ్యి విరిగినా బాగుండు, ఉస్తాద్. మర్యాదన్నా మిగిలేది."

పీరా లేచాడు. చొక్కా విప్పి మట్టిలోకి దిగాడు. నేర్చుకునేవాళ్లందరినీ చుట్టూ కూర్చోమన్నాడు.

"ఆ పట్టు నాకు ఏసి చూపియ్," అన్నాడు.

ఓబులేసు వద్దన్నాడు. ఉస్తాద్ వినలేదు. చేసేది లేక ఆ ముసలి చేతిని పట్టుకుని మెల్లగా వెనక్కి వంచాడు. మోచెయ్యి బిగిసిందో లేదో, పీరా మట్టిమీద మూడుసార్లు తట్టాడు, అందరికీ వినబడేలా.

ఓబులేసు ఉలిక్కిపడి వదిలేశాడు. ఎవరూ నవ్వలేదు.

పీరా లేచి ఒళ్లు దులుపుకుని, "ఈ పట్టు పడితే ఇట్ల తట్టల్ల," అని వాళ్లకు చెప్పాడు. తర్వాత మూలనున్న పార తెచ్చి ఓబులేసుకు ఇచ్చాడు. మట్టి గట్టిపడిందట, తిరగదవ్వాలట.

ఓబులేసు తవ్వసాగాడు. మొదట్లో బరువంతా ఎడమచేతి మీదే వేశాడు. కాసేపటికి అది మరిచిపోయాడు. పార లేచి పడుతోంది, మట్టి పెళ్లలు పెళ్లలుగా విచ్చుకుంటోంది. చెమట కళ్లలోకి కారినా ఆగలేదు.

గట్టుమీద కూర్చున్న పీరా చాలాసేపు అతన్నే చూశాడు.

"చెయ్యి బాగానే ఆడతాందే," అన్నాడు.

ఓబులేసు పార ఆపాడు. కుడిచేతిని ఒకసారి చాచి, ముడిచి చూసుకున్నాడు.