ఈరక్క కూర్చున్న గుంట

మేకలకు పేర్లుండి, కొండలకు ఇంకా పేర్లు పెట్టని కాలంలో, ఒక రాతికొండ గుహలో కొంతమంది కాపురముండేవాళ్లు. ఆ గుహను ఊడ్చే ముసలమ్మ పేరు ఈరక్క. ఆమె మాట ఎవరూ వినేవాళ్లు కాదు. ఊడుస్తూ కాళ్లు తీయమన్నా తీసేవాళ్లు కాదు.

కొండ మీద రెండు దోనలుండేవి. దోన అంటే బండలో నీళ్లు నిలిచే గుంట. పైదోన చిన్నది. కిందిదోన మంద మొత్తం దిగి ఈదేంత పెద్దది. చిన్నది ఏటా నిండేది. పెద్దది ఏటా ఎండి ఉండేది.

ఎండలు ముదిరితే పైదోన అడుగంటేది. అప్పుడు అందరూ నాలుగు రోజులు నడిచి ఏటి ఒడ్డుకు పోయేవాళ్లు. ఆ దారిలో ప్రతి ఏడూ ఒక పసిబిడ్డ దక్కేది కాదు. కిందటేడు పోయింది ఈరక్క మనవడు. ఈ ఏడు ఆమె కోడలు సంగి మళ్లీ కడుపుతో ఉంది. కాన్పు నడివేసవిలో.

"నా కోడలు ఈసారి నడవదు," అంది ఈరక్క. "కిందిదోన నిండాల."

వాళ్ల పెద్ద కాటప్ప నవ్వాడు. "నిండమని నువ్వే చెప్పిరా పో, అవ్వా. నీ మాట మేం వినకపోయినా అది వింటుందేమో."

ఆ ఏడు మూడే వానలు పడ్డాయి.

మొదటి వానకు ముందు కాటప్ప దోనకు మేకను బలిచ్చాడు. వాన వచ్చింది. అందరూ గుహలోకి పరుగెత్తారు. వాన పోయింది. అందరూ నీళ్ల కోసం పరుగెత్తారు. కిందిదోన ఎండే ఉంది. మేక మాత్రం లేదు.

"ఒరే, నీళ్లు ఎటు పోయినాయో ఎవరన్నా చూసినార్రా?" అంది ఈరక్క.

"వానలో బయటికి ఎవరు పోతారవ్వా? తడిసిపోమా?"

రెండో వానకు ముందు, దోనకు లోతు చాలలేదన్నాడు కాటప్ప. బండ పగలాలని దాని మీద పెద్ద మంట వేయించాడు. బండ నల్లబడింది. కాటప్ప మీసం కాలింది. వాన వచ్చింది. అందరూ గుహలోకి పరుగెత్తారు. వాన పోయింది. అందరూ నీళ్ల కోసం పరుగెత్తారు. కిందిదోన ఎండే ఉంది.

"నీళ్లు ఎటు పోయినాయో..."

"మళ్లీ మొదలుపెట్టింది!" అన్నారు అందరూ.

మూడో వాన వచ్చేసరికి గుహలో పొడిచోటు కోసం కొట్లాట. జల్లు లోపలికి కొట్టింది.

"ఊడువవ్వా!" అన్నాడు కాటప్ప. ఊడ్చింది. నీళ్లు మళ్లీ వచ్చాయి. "ఊడువవ్వా!" ఊడ్చింది. మళ్లీ వచ్చాయి. "ఊడు..."

"నువ్వే ఊడుచుకో!" చీపురు అతని ఒళ్లో పడేసి, ఈరక్క వానలోకి నడిచింది.

"అత్తా, జారతావు!" అని సంగి అరిచింది.

ఈరక్క నీళ్ల వెంట నడిచింది. పైదోన నిండి పొర్లింది. పొర్లిన నీళ్లు బండ మీద నల్లచార వెంట దిగాయి. కిందిదోనకు పది అడుగుల దూరముందనగా, ఒకచోట పక్కకు తిరిగి లోయలోకి దూకుతున్నాయి. అక్కడ బండ అంచు మనిషి కూర్చునేంత మేర తగ్గి ఉంది. అంతే.

ఈరక్కకు ఒళ్లు మండిపోయింది. చేతిలో రాయి లేదు, మన్ను లేదు. ఉన్నది తనే. పోయి ఆ సందులో చతికిలబడింది. నీళ్లు ఆమె వీపుకు తగిలి ఆగాయి, కాసేపు ఆలోచించుకున్నట్టు సుడి తిరిగాయి, కిందిదోన వైపు మళ్లాయి.

"చూడండిరా గుడ్డోళ్లారా! ఇంతే! ఇన్నేండ్లూ ఇంతే! ఇంత చోటుకు నా మనవడిని పోగొట్టుకున్నానురా!"

ఆ మాటకు గుహలోంచి ఒకరు వచ్చారు. ఇద్దరు వచ్చారు. ఆఖరికి చీపురు పట్టుకునే కాటప్ప కూడా వచ్చాడు. వాన వెలిసేదాకా ఈరక్క లేవలేదు, తిట్లు ఆపలేదు. దోన నిండింది.

నడివేసవిలో ఆ దోన పక్కనే సంగికి ఆడపిల్ల పుట్టింది. ఈరక్క ఆ నీళ్లతోనే తొలిస్నానం పోసింది. ఆ ఏడు ఎవరూ ఏటికి నడవలేదు.

మరుసటి ఏడు తొలివాన పడింది. అందరూ ఈరక్క దగ్గరికి పరుగెత్తుకొచ్చారు. "అవ్వా, రా, కూర్చో!"

ఈరక్క తల పట్టుకుంది. "ఒరే! అక్కడొక రాయి పెట్టండిరా!"

పెట్టారు. అప్పటికి గానీ వాళ్లకు తట్టలేదు మరి. ఈరక్క ఆ తర్వాత చాలా ఏళ్లు బతికి, దోనలో నీళ్లు కనబడేచోట కన్నుమూసింది.

గుహ నిండి, ఇళ్లు కొండ కిందికి దిగి, ఊరైంది. ఆ రాయికి ఆనుకుని ఇప్పుడు బండలో నున్నని గుంట ఉంది, అచ్చం మనిషి కూర్చున్నట్టు. ఎన్నో వందల వానల నీళ్లు రాయికి తగిలి సుడి తిరిగి అరగదీసిన గుంట అది. ఆ ఊళ్లో మాత్రం అలా అనకండి. ఈరక్క కూర్చుంటే పడిన గుంట అంటారు.

ఇప్పటికీ తొలివానకు ఆ ఊళ్లో ఎవరూ ఇంట్లో ఉండరు. గొడుగు పట్టరు. కొండెక్కి, నీళ్లు ఎటు పోతున్నాయో చూస్తారు. ఊరందరిలోకీ పెద్ద ముసలమ్మ ఆ గుంటలో కూర్చుని అందరినీ పేరుపేరునా తిడుతుంది. ఎవరి పేరైనా మరిచిపోతే వాళ్లు చిన్నబుచ్చుకుని, ముందుకొచ్చి నిలబడి అడుగుతారు:

"అవ్వా, మరి నన్నో?"