పిల్లి గోళ్ళకు ఇల్లు దొరికిన కథ

ఒకప్పుడు పిల్లికి గోళ్ళే ఉండేవి కావు. పాదాలు ఉత్త దూదిపింజెలు. పిల్లి ఎంత కోపంగా కొట్టినా ఎలుకకు దెబ్బ తగిలేది కాదు, వీపు నిమిరినట్టు హాయిగా ఉండేది.

"అత్తా, ఇంకాస్త కింద. ఆఁ, అక్కడే, అక్కడే దురద!" అనేవి ఎలుకలు కళ్ళు మూసుకుని.

ఈ పిల్లి ఓబాచారి అనే కమ్మరి కొలిమిలో కాపురముండేది. దానికి మూడు కూనలు. వేట లేక తల్లికి పాలు పడలేదు. పాలు లేక కూనలు పొద్దస్తమానం ఏడుపే.

ఇదిలా ఉండగా ఎలుకలు కొలిమిలోని తోలుతిత్తిని కొరికి చిల్లు పెట్టాయి. ఓబాచారి తిత్తి నొక్కాడు. గాలి నిప్పు మీదికి పోలేదు. చిల్లులోంచి 'పుర్ర్ర్' మంది. వాకిట్లో నిలబడ్డ రైతులు ఆ చప్పుడు ఓబాచారిదే అనుకుని ముక్కులు మూసుకున్నారు.

ఓబాచారికి తల కొట్టేసినట్టయింది.

"ఒసే పిల్లీ! పదిమందిలో నా పరువు తీశావు గదే! ఎలుకల్ని పట్టడం చేతకాకపోతే నీ పిల్లల్ని నోట కరుచుకుని నడువు!"

పిల్లి తగ్గలేదు. "ఊరందరికీ కొడవళ్ళు చేస్తావు మామా, ఇంట్లో ఉన్నదానికి ఒక్క సూదన్నా చేసిచ్చావా? దేంతో పట్టను ఎలుకల్ని, మీసాలతోనా?"

మాట నిజమే. ఓబాచారి గొణుక్కుంటూ తిత్తికి మాసిక వేసి, పిల్లికి గోళ్ళు చేద్దామని నిప్పు రాజేశాడు.

"నాకూ గోళ్ళు చెయ్యి మామా! ఏవో ఒకటి, తొందరగా!" అంది గడపలో పడుకున్న కుక్క.

ఓబాచారి ఒక ఇనుప ముక్కను ఎర్రగా కాల్చి, గోళ్ళుగా సాగ్గొట్టి చన్నీళ్ళలో ముంచాడు. సుయ్యిమంది. గోళ్ళు రాయంత గట్టిగా, అద్దంలా మెరుస్తూ వచ్చాయి. పిల్లి మురిసిపోయి ఎలుక మీదికి దూకింది. ఎలుక పక్కకు తప్పుకుంది. గోళ్ళు గోడరాయికి తగిలి ఠప్పున విరిగాయి. ఎలుకలు ఆ ముక్కలు ఏరుకుని పళ్ళు కుట్టుకున్నాయి.

"మరీ గట్టిదైతే పెళుసే మరి," అని ఓబాచారి ఈసారి మెత్తటి ఇనుముతో చేశాడు. అవి విరగలేదు. ఎలుక వీపుకు తగలగానే వంకరపోయి పిల్లి పాదానికే గుచ్చుకున్నాయి.

"మట్టి తవ్వుకోవడానికి నాకివి చాలు," అని కుక్క మాత్రం వాటినే పెట్టించుకుని తోక ఊపుకుంటూ పోయింది.

ఓబాచారికి పంతం పట్టింది. గట్టిదాన్నీ మెత్తదాన్నీ కలిపి, కాల్చి, మడిచి, మళ్ళీ కొట్టాడు. ఉక్కు వచ్చింది. విరగదు, వంగదు. పిల్లి గర్వంగా బయల్దేరింది. బండల మీద టక్, టక్, టక్.

"అదిగో, అత్త గజ్జెలు కట్టుకొస్తోంది!" అని ఎలుకలు పరుగో పరుగు.

బండలకు రాసుకుని రాసుకుని గోళ్ళు మొద్దుబారాయి. ఆ మీద వానకు తడిసి తుప్పు పట్టాయి. పిల్లి ఇంటికొచ్చి చూస్తే చిన్నకూన ఏడవడం కూడా మానేసి పడుంది. అప్పుడు పిల్లికి నిజంగా భయమేసింది.

సరిగ్గా ఆ వేళకే ఓబాచారి సంకటి ముందు కూర్చుని, మొలలోంచి మడత చాకు తీసి ఉల్లిగడ్డ కోశాడు. తుడిచి, టక్కున మడిచి మళ్ళీ మొలలో పెట్టుకున్నాడు.

"మామా, ఆ చాకు కొత్తదా?"

"కొత్తదేమిటే! మా తాతది."

"నా గోళ్ళకన్నా మంచి ఉక్కా?"

"ఏం కాదు. చవకరకం."

"మరి మొద్దుబారలేదేం? తుప్పు పట్టలేదేం?"

"పనుంటే బయటికొస్తుంది, లేకపోతే పిడిలో దూరి పడుకుంటుంది. నీ గోళ్ళలాగా బజార్లు తిరగదు."

పిల్లి లేచి నిలబడింది. "నీ చవక చాకుకు ఇల్లుంది. నా ఉక్కు గోళ్ళు మాత్రం వానలో తడవాలా మామా?"

ఓబాచారి సంకటి వదిలేసి లేచాడు. గోళ్ళకు కొత్తగా పదును పెట్టాడు. వేలివేలికీ ఒక గూడు తొలిచి, గోరు ముడుచుకునేలా లోపల నరం బిగించాడు.

పిల్లి నడిచింది. చప్పుడు లేదు. తిత్తి మీద ఎలుకలు సభ పెట్టుకుని, ఈసారి ఎక్కడ కొరకాలా అని వాదించుకుంటున్నాయి. సభ మధ్యలో పిల్లి గోళ్ళు విప్పింది.

ఆ పూట తల్లికి కడుపు నిండింది. తెల్లారేసరికి పాలు పడ్డాయి. చిన్నకూన తాగి తాగి, తల్లి పొట్ట మీదే బోర్లా పడి నిద్రపోయింది.

కుక్కకు కుళ్ళు పుట్టింది. "నాకూ మడత గోళ్ళు కావాలి!"

"ప్రతిసారీ విప్పాలి, మళ్ళీ ముడవాలి. అంత ఓపికుందా?" అన్నాడు ఓబాచారి.

"అబ్బో! అంత పని నావల్ల కాదు," అని కుక్క వెళ్ళి బూడిదలో పడుకుంది.

అప్పటినుంచే పిల్లి గోళ్ళు లోపల దాచుకుని, అడుగు వినపడకుండా నడుస్తుంది. కుక్క మాత్రం అరిగిన గోళ్ళతో టకటకమని, తాను వస్తున్నట్టు ఊరంతా చాటుకుంటూ తిరుగుతుంది.