పదును పోతోంది ప్రభూ!

ఒకానొక మెట్టసీమను రణమల్లుడనే రాజు ఏలేవాడు. మనిషి చెడ్డవాడేం కాదు గానీ, పొగడ్త చెవిన పడితే అన్నం కూడా మరిచిపోయే రకం.

ఆ ఏడు వాన ముఖం చాటేసి చాటేసి, చివరికి ఎలాగో కురిసింది. మర్నాడు తెల్లారుతూనే చాటింపు! వాన కురిసింది రాజుగారి చలవేనట, ఆయన రాతి విగ్రహాన్ని వారం పాటు ఊరేగించాలట, దాన్ని లాగడానికి ఊళ్ళో ఎద్దులన్నీ కోటకు తోలుకురావాలట.

ఓబమ్మ అనే ముసలిది తన ఎద్దులతో వచ్చి కోటవాకిట కూలబడి ఏడుస్తోంది. ఆస్థానంలో మాటకారి మాచన ఆగి, ఏమిటని అడిగాడు.

"మనవరాలు ఆకలని ఏడ్చినా విత్తనం గింజలు ముట్టలేదు నాయనా. నేల ఇవాళ మంచి పదును మీదుంది. ఇది ఆరిపోతే ఏం విత్తేది, ఏడాదంతా దానికేం పెట్టేది?"

మాచన నేరుగా వెళ్ళి రాజుకు విన్నవించాడు.

"పదునా?" రాజు మీసం దువ్వాడు. "పదును సంగతి నాకు చెప్తావటయ్యా? నా కత్తులకు నేనే పదును పెట్టుకుంటాను. పోతే మళ్ళీ పెట్టుకోవచ్చు. వారం ఆగమను."

ఊరేగింపులో పట్టడానికి కొత్త కత్తి పక్కనే కొలిమిలో కాలుతోంది. రాజు పట్టకారుతో దాన్ని తీసి నీళ్ళతొట్టి వైపు తిరిగాడో లేదో, మాచన అడ్డంగా సాష్టాంగపడ్డాడు.

"ప్రభూ! ఇంత శుభవేళ తమ బిరుదులు చదవకపోతే కళ్ళు పోతాయి!"

"ఊఁ, కానీ మరి."

అవి బిరుదులా, హనుమంతుడి తోకా! రాజు కళ్ళు మూసుకుని తలూపుతూ విన్నాడు. అన్నీ అయ్యేసరికి ఎర్రటి ఇనుము కాస్తా నల్లబడింది.

"ఓరి నీ ఇల్లు బంగారంగానూ, చల్లారిపోయింది కదరా! ఇప్పుడు ముంచితే పదునెక్కుతుందా?"

"వారం ఆగి ముంచుదాం ప్రభూ."

"మతి పోయిందా? కాలినప్పుడే ముంచాలి. ఆ అదను దాటితే..."

మాచన లేచి మెల్లగా అన్నాడు. "ఇనుమైతే మళ్ళీ కొలిమిలో పెడతాం. ఓబమ్మ చేనుకు మళ్ళీ వానెక్కడ తెస్తాం ప్రభూ?"

రాజు సిగ్గుపడ్డాడు. ఆ తర్వాత నవ్వొచ్చింది. మెళ్ళో హారం తీసి మాచన మెడలో వేసి, తానే వాకిట్లోకొచ్చాడు.

"ఎద్దులన్నీ వదిలెయ్యండి! కోట ఎద్దులను కూడా తోలండి, దున్నుకుంటారు!"

జనం సాగిలపడి మొక్కారు. ఓబమ్మ ఆగితేనా! ఎద్దులను అదిలిస్తూ, "దండం పంటొచ్చాక పెడతాలే అయ్యా, పదును పోతోంది!" అని పరుగు తీసింది.

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. విగ్రహం మాత్రం ఆ ఏడు పంట ఇళ్ళకు చేరేదాకా ఎండలోనే నిలబడింది.