మూడుసార్లే మోగిన గంట

ఏ రాజ్యమో అడక్కండి గానీ, దాని సరిహద్దు కొండమీద ఓబులేసు అనే గుర్రాల కాపరి ఒక్కడే ఉండేవాడు. భార్య పోయాక అతనికి తోడల్లా ఒక గుర్రపుపిల్లే. "ఈ సోమరికి పిల్లను సాకడం ఏం తెలుసు? అశ్వశాలకు తోలుకుపోతాను," అన్నాడు అధికారి గంగినాయుడు.

సంగతి రాజుదాకా వెళ్లింది. "గంట వినగానే రావడం చెరొక పిల్లకు పదిరోజులు నేర్పండి. గంట కొట్టగానే ఓబులేసు పిల్ల ముందొస్తే అది అతని దగ్గరే ఉంటుంది," అన్నాడాయన.

నాయుడు రోజుకు వందసార్లు గంట కొట్టించి, కొట్టినప్పుడల్లా నాలుగు ఉలవలు పెట్టించాడు. ఓబులేసు పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, మూడంటే మూడుసార్లే కొట్టి ఉలవలు పెట్టాడు.

పదకొండో రోజున రాజు ఎదుట గంట మోగింది. నాయుడి పిల్ల చెవైనా కదపలేదు. ఓబులేసు పిల్ల దుమ్ము రేపుకుంటూ వచ్చేసింది.

"మోసం ప్రభూ! వీడు రోజంతా ఊరికే కూర్చున్నాడు!" అని మండిపడ్డాడు నాయుడు.

"కూర్చున్నమాట నిజమే దొరా," అన్నాడు ఓబులేసు. "తమరి మేడ తలుపు రోజుకు వందమంది తడతారు. తమరు తల తిప్పుతారా? నా గుడిసె తలుపు ఏ రెండు నెలలకో ఒకసారి చప్పుడవుతుంది. నోటిదాకా వచ్చిన ముద్ద వదిలేసి లేస్తాను. ఆ చప్పుడు ఇక మర్చిపోను. దీని బుద్ధీ అంతే."

రాజు నవ్వబోయి ఆగాడు. "పోయినసారి ఎవరొచ్చారు?"

"గాలి, ప్రభూ. అయినా లేచాను."

రాజు పిల్ల పగ్గం అతని చేతిలో పెట్టాడు.