ఉపవాసం ఒప్పని నడిమిరాయమ్మ

నడిమిరాయమ్మకు గోపురం లేదు, కప్పు కూడా లేదు. ఏటిగడ్డపాడుకు పడమట, వంక ఒడ్డున, నడుమెత్తు రాయిగా పసుపు కుంకుమలతో దర్శనమిస్తుంది. ఇక్కడ పూజారి గోత్రం అడగడు, ఊరు అడగడు. ఉపవాసంతో వచ్చినవారిని మాత్రం గంజి తాగి రమ్మని వెనక్కి పంపుతాడు. ఇదేం క్షేత్రమని కొత్తవారు నొచ్చుకోవడం కద్దు. వారి కోసమే ఈ నాలుగు మాటలు.

పూర్వం ఇక్కడ రెండు తాలూకాలకు వంకే సరిహద్దు. వరద వచ్చినప్పుడల్లా దారి మార్చే వంకను నమ్మలేక దొరలు ఊరికి తూర్పున ఒక రాయి పాతించారు. దానితో ఊరు పడమటి తాలూకాకు చెందింది. ఆ రాయికి కాపలా తలారి మద్దిలేటిది. ఏటా దానికి సున్నం కొట్టి, అది కదలలేదని కచేరిలో చెప్పి రావడం అతని పని.

ఇంతలో పెద్ద కరువు వచ్చింది. తూర్పు తాలూకాలో గంజి కేంద్రాలు తెరిచారు. మద్దిలేటి భార్య సుంకులమ్మ ఆకలితో మంచం పట్టింది. అతను తూర్పు కేంద్రానికి వెళితే ఏ ఊరని అడిగి, పొమ్మన్నారు. పడమటి కచేరికి నాలుగుసార్లు నడిచాడు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్నట్టు, దొర సరేనన్నా గుమాస్తా కాగితం కదపలేదు. ఇక లాభం లేదని ఒక మిట్టమధ్యాహ్నం మద్దిలేటి రాయిని పెకలించి, మోకు కట్టి ఈడ్చుకుపోయి ఊరికి పడమట పాతాడు. అలా ఊరు తూర్పుదైంది. తూర్పువారు వచ్చి చూసి, పైనుంచి హుకుం రావాలని చెప్పి వెళ్లారు.

మూడోనాడు, గుమాస్తా కాగితం ఎట్టకేలకు కదిలి, పడమటి కచేరి నుంచి రాగుల బండ్లు బయలుదేరి వచ్చాయి. వెంట వచ్చిన కచేరి అధికారి అమీను రాయి దగ్గర బండ్లు ఆపించాడు. ఊరు రాయికి అవతల ఉంది కనుక తమది కాదన్నాడు. మద్దిలేటి అతని కాళ్లు పట్టుకున్నాడు.

“రాయి నేనే జరిపినా సామీ. ఊరు మీదే.”

“రాయి జరిపినోని మాట నమ్మి గింజలు పోస్తే నా గతేమి?” అన్నాడు అమీను. బండ్లు మళ్లాయి.

ఇంట్లో సుంకులమ్మ ఎద్దుల గంటలు విన్నది. గంజి తెచ్చావా అని అడగలేదు.

“నువ్వు తిన్నావా?” అని అడిగింది.

“తిన్నా” అన్నాడు మద్దిలేటి.

ఆమె ఆ మాట నమ్మి కళ్లు మూసుకుంది. మళ్లీ తెరవలేదు. వానలు పడేనాటికి అరవై గడపల్లో పదకొండే మిగిలాయి. రెంటికి చెడ్డ రేవడి అని ఈ ఊరిని ఎగతాళి చేసినవారూ ఉన్నారు. వారిని తలచుకుంటే నేటికీ కడుపు మండుతుంది.

రాయిని పాత చోటికి చేర్చాలని మద్దిలేటి మూడు రోజులు తవ్వాడు. అది కదలలేదు. అలసి దాని పక్కనే ఒరిగితే, తెల్లవారుజామున అమ్మ కలలో కనిపించింది. తననిక ఎటూ జరపవద్దని, తన దగ్గరికి వచ్చినవారిని ఏ ఊరని అడగవద్దని, ఆకలితో ఎవరినీ తన ముందు నిలబెట్టవద్దని ఆనతిచ్చింది. ఆ గొంతు అచ్చం సుంకులమ్మదేనని అతను పోయేదాకా చెప్పేవాడట.

నేటికీ మద్దిలేటి వంశస్థులే ఇక్కడ పూజారులు. శుక్రవారం నాడు రాయి ముందే రాగి గంజి కాస్తారు. అమ్మను కొలిచిన ఇంట గింజ నిండుకోదని భక్తుల నమ్మకం. ఎవరు వచ్చినా పూజారి ముందుగా “తిన్నావా?” అని అడుగుతాడు. జవాబు ఏదైనా సరే, అతని కళ్లెదుట మూడు గుక్కల గంజి తాగాలి. తిన్నానంటే ఇక్కడ ఎవరూ నమ్మరు.