పొగలో ఇంద్రుడు

ఆ రోజుల్లో మా ఊళ్ళో దేవలోకం గుగ్గిలం వాసన వేసేది. నాటకంలో ఇంద్రసభ ఘట్టం రాగానే, పొగ వేసే సింగన్న నిప్పుల మీద గుప్పెడు గుగ్గిలం చల్లేవాడు. ఆ తెల్లటి పొగలో జమీందారు గారి పాలేరు గవరయ్య కూడా, వేషం కట్టి సింహాసనమెక్కితే, అచ్చం ఇంద్రుడిలాగే ఉండేవాడు.

ఒక ఏడు జమీందారు తన కుర్చీని వేదిక మీదే, ఇంద్రుడి సింహాసనం పక్కన వేయించుకున్నాడు. నాటకం చూడటానికి కాదు, జనానికి కనబడటానికి. పొగ లేచింది. ఆయన మాయమయ్యాడు, దగ్గు ఒక్కటే మిగిలింది.

నాటకం ఆగిపోయింది.

“ఒరేయ్ సింగా! రేపు మళ్ళీ పొగ వేశావో, ఊళ్ళోంచి వెళ్ళగొట్టిస్తా!”

“చిత్తం దొరా, మానేస్తాను. కానీ పొగ ఉంటే తమరు దేవేంద్రుడి సరసన కూర్చున్నట్టు. లేకపోతే, సింహాసనం ఎత్తు కదండీ, తమ పాలేరు కాళ్ళ దగ్గర కూర్చున్నట్టు.”

జమీందారు గవరయ్య కాళ్ళకేసి చూశాడు. నిజమే, తన మోచేతి దగ్గరే ఉన్నాయి.

“పొగ ఉండనీ,” అన్నాడు. “నాటకం దూరం నుంచి చూస్తేనే అందం.”

మర్నాడు కుర్చీ జనం వెనక్కి వెళ్ళింది. సింగన్న రెండు గుప్పెళ్ళు చల్లాడు. పొగలోంచి ఇంద్రుడు రాగానే అందరితోపాటు జమీందారూ లేచి దణ్ణం పెట్టాడు.

గవరయ్య చెయ్యెత్తి దీవించాడు. తెల్లారాక వెళ్ళి ఆయన గేదెల పాలు పితికాడు.