విరూపాక్షం కడిగిన కుండ

విరూపాక్షం దీక్షకు ఇంకా ఇరవై రోజులే ఉంది. ఆ రోజు ఒక జాము సేపు కదలకుండా కూర్చోగలిగితేనే గురువుగారు దీక్ష ఇస్తారు. అతను పావుగంట కూడా కూర్చోలేకపోతున్నాడు. కళ్ళు మూసుకుంటే చాలు, కడుపు గడబిడ మొదలవుతుంది. చెంబు పట్టుకుని పరుగెత్తడమే.

గోదావరి లంకలో ఉన్న ఆ ఆశ్రమానికి వచ్చి అతనికి మూడేళ్ళయింది. అక్కడి గురువుగారిని చుట్టుపక్కల అందరూ బోడిస్వామి అంటారు. ఆయనా నవ్వుతూ పలుకుతారు. విరూపాక్షానికి మాత్రం శుద్ధి అంటే ప్రాణం. ఒకరు వండింది తినడు, ఒకరు ముట్టిన నీళ్ళు తాగడు. పైశుద్ధి చాలదనిపించి లోపలి శుద్ధి మొదలుపెట్టాడు. వారం వారం సునాముఖి కషాయం తాగి కడుపు ఖాళీ చేసుకునేవాడు. కడుపు చెడితే, క్రిములు చావాలని మందుల షాపులో బిళ్ళలు కొని మింగేవాడు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. మనిషి సగమయ్యాడు.

చివరికి పట్నంలో డాక్టరుకు చూపించుకుని, మొహం వేలాడేసుకుని వచ్చాడు.

"స్వామీ, కషాయాలూ బిళ్ళలూ అన్నీ ఆపమన్నాడు. మనిషి పేగుల్లో కోట్ల కొద్దీ సూక్ష్మజీవులు కాపురం ఉంటాయట. తిన్నది ఒంటబట్టడానికి అవి కూడా కావాలట. నేను వాటిని కూడా చంపుకున్నానట. నా లోపల అలాంటివి ఉండాలా? ఇదేం ఖర్మ స్వామీ!"

బోడిస్వామి గోంగూర తుంచుతున్నారు. తల ఎత్తలేదు.

"రేపటి నుంచి తరవాణి కుండ నువ్వు చూసుకో" అన్నారు.

ఎండాకాలమంతా ఆశ్రమం వాకిట్లో తరవాణి పోస్తారు. పక్కనున్న ఇటుకబట్టీ నుంచి ముప్పైమంది కూలీలు మధ్యాహ్నం వచ్చి తాగి వెళతారు. అన్నం వార్చిన గంజి చల్లార్చి రోజూ ఆ కుండలో పోస్తే, అడుగునున్న పాత తరవాణి దాన్ని పులియబెడుతుంది. ఎంత తీస్తే అంత గంజి మళ్ళీ పోస్తారు. కుండను ఎన్నడూ పూర్తిగా వంపరు.

మర్నాడు విరూపాక్షం మూత తీసి చూశాడు. లోపల గోడలకు తెల్లటి జిగురు. గుప్పుమని పుల్లటి వాసన. ఉన్నదంతా పారబోశాడు. బూడిద వేసి కొబ్బరిపీచుతో తోమాడు. సలసల కాగే నీళ్ళు రెండుసార్లు పోసి కడిగాడు. తాజా గంజి నింపి మూతపెట్టి, గురువుగారు మెచ్చుకుంటారని ఎదురుచూశాడు.

మొదటి రెండు రోజులూ ఇంకా పులవలేదని కూలీలకు మజ్జిగనీళ్ళు పోసి పంపాడు. మూడోనాడు మరిడమ్మ అనే కూలీ ముందు వచ్చింది. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, తాగకుండానే కింద పెట్టేసింది.

"ఇది తరవాణి కాదండీ అయ్యగారూ. కుళ్ళిన గంజండి."

ఆ రోజు మజ్జిగ కూడా లేదు. ముప్పైమందీ ఉత్త నీళ్ళు తాగి ఆ ఎండలో మళ్ళీ బట్టీకి పోయారు. ఎవరూ ఒక్క మాట అనలేదు. తిట్టి పోసినా బావుండేదనిపించింది విరూపాక్షానికి. సిగ్గుతో చచ్చిపోయాడు.

"అంత శుభ్రంగా కడిగానే స్వామీ!"

"కడిగావు" అన్నారు బోడిస్వామి. "మరిడమ్మ గుడిసెలో కుండ ఉంది. వెళ్ళి కాస్త తరవాణి అడుక్కురా."

"ఆవిడ ఇంటి నుంచా?"

స్వామి చేతికి ముంత ఇచ్చారు.

అడిగిందే తడవు, మరిడమ్మ ముంత నిండా పోసింది. "మా అత్త పెట్టిన కుండండీ ఇది. బట్టీ మారినప్పుడల్లా ఏ సామాను వదిలేసినా దీన్ని మాత్రం ఒళ్ళో పెట్టుకునే వొస్తానండి" అంది. తర్వాత అతని మొహంలోకి చూసింది. "అదేంటండీ, అలా పీక్కుపోయారు? ఉండండి."

గ్లాసులో తరవాణి పోసి ఉప్పురాయి వేసి చేతికిచ్చింది. అతను ఆ గ్లాసు వంక చూశాడు. ఆమె మధ్యాహ్నం తాగకుండా కింద పెట్టిన గ్లాసు గుర్తొచ్చింది. కళ్ళు మూసుకుని గటగటా తాగేశాడు.

"ఇంకాస్త పొయ్యమంటారా?"

"పొయ్యమ్మా" అన్నాడు.

ముంతలోది తాజా గంజిలో కలిపితే కుండ రెండు రోజుల్లో దారిన పడింది. అతని కడుపు అంత తొందరపడలేదు. డాక్టరు చెప్పినట్టే కషాయం మానేశాడు, బిళ్ళలు మానేశాడు. మధ్యాహ్నం కూలీల వరసలో కూర్చుని వాళ్ళు తాగిందే తాగాడు. వాళ్ళు మూట విప్పి పెట్టిన అన్నమూ పచ్చడీ తిన్నాడు. రోజుకు పదిసార్లు పట్టే చెంబు నాలుగుసార్లకు, తర్వాత రెండుసార్లకు వచ్చింది.

దీక్షనాటి ఉదయం గురువుగారి ఎదుట కూర్చున్నాడు. జాము గడిచింది. కదల్లేదు. కళ్ళు తెరిచేసరికి వాటి నిండా నీళ్ళు.

"ఇంతకాలం ఎందుకు కూర్చోలేకపోయాను స్వామీ?"

బోడిస్వామి అతని నుదుట విభూతి పెట్టారు.

"ఒక్కడివే మోక్షానికి పోదామని బయల్దేరావు నాయనా. నీ కడుపే ఒప్పుకోలేదు."